పన్ను మొలవక ముందే

ఆ రోజు నా క్లినిక్‌కి వచ్చిన పిల్లాడికి నాలుగేళ్లు. దర్శి దగ్గర పల్లె నుంచి నాయనమ్మతో పొద్దున్నే బస్సెక్కి ఒంగోలు వచ్చాడు. కుర్చీ ఎక్కనని మొండికేస్తే ఆవిడే కుర్చీలో కూర్చుని వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుంది. "నోరు తెరువు నాన్నా, డాక్టరమ్మ ఊరికే చూసిద్ది, ఏం చెయ్యదు" అని బుజ్జగించింది. నేనేమీ అడక్కముందే చెప్పుకొచ్చింది: "చాక్లెట్లు నేనసలు కొనియ్యనమ్మా. రెండు పూటలా దగ్గరుండి తోమిస్తా. అయినా పై పళ్లు ఇట్టా అయిపోయినయ్. పిల్లోణ్ణి సరిగా చూసుకోలేదని మా కోడల్ని అందరూ తిడతన్నారు."

లైటు దించి చూశాను. పైన నాలుగు ముందు పళ్లు. దూదితో తడి తుడిస్తే అసలు సంగతి కనబడింది. ప్రతి పంటికీ నడుమ అడ్డంగా ఒక గాడి ఉంది, దారం గట్టిగా చుట్టి తీస్తే పడే నొక్కులాగా. నాలుగు పళ్లలోనూ దాదాపు ఒకే వరసలో. ఆ గాడి వెంట తెల్లటి మెరుపు లేదు, పసుపు తిరిగిన గరుకుదనం ఉంది. ప్రోబ్ మొన ఆనించి లాగితే మంచి పంటిమీద జారినట్టు జారలేదు, తట్టుకుని ఆగింది. పిప్పి అక్కడ మొదలై కిందికి పాకింది. రెండు పళ్ల అంచులు అప్పటికే విరిగాయి.

"వీడు కడుపులో ఉన్నప్పుడు మీ కోడలు ఎక్కడుందమ్మా?" అని అడిగాను.

పళ్లు చూపించడానికి వస్తే ఈ ప్రశ్న ఏమిటా అన్నట్టు చూసింది. "బెంగుళూర్లో. పద్నాలుగో అంతస్తు. ఇంట్లో కూర్చునే కంప్యూటర్ పని. వేవిళ్లు మెండుగా ఉండి పాలు, పెరుగు వాసనే పడేది కాదు. కిందికి దిగాల్సిన పనేముందమ్మా, అన్నీ గుమ్మంలోకే వచ్చేవి."

ఆ నాయనమ్మకి ఆ రోజు చెప్పిన మాటలే ఈ వ్యాసం. ఇరవై ఏళ్లుగా పళ్ల డాక్టరుగా పనిచేస్తూ, అందులోనూ పిల్లల పళ్లే ఎక్కువగా చూస్తూ, ఏ తల్లికైనా ముందుగా చెప్పాలనిపించే మాట ఒక్కటే. పంటి సంరక్షణ బ్రష్‌తో మొదలవదు. పన్ను మొలవక ముందే, బిడ్డ పుట్టక ముందే మొదలవుతుంది. అప్పుడు కావలసినవి ఎండ, కంచంలో సున్నం, అంటే కాల్షియం.

స్లాబుకి నీళ్లు పట్టినట్టు

ఇల్లు కట్టించినవాళ్లకి తెలుసు. స్లాబు పోశాక మొదటి రోజుల్లో గట్లు కట్టి, గోతాలు కప్పి నీళ్లు పట్టాలి. ఆ రోజుల్లో తడి అందకపోతే, ఏడాది తర్వాత ట్యాంకర్లు తెచ్చి పోసినా ఆ సిమెంటు గట్టిపడదు. పంటి పైపొర ఎనామిల్ కూడా అంతే.

మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం ఎనామిల్. బరువులో 96 శాతం ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి కట్టిన పలకలు. ఆ పలకల్ని పేర్చే కణాలు పన్ను చిగురులోపల ఉన్నన్నాళ్లే బతికి ఉంటాయి. పన్ను బయటికి వచ్చేసరికి అవి రాలిపోతాయి. ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఎందుకంటే దానికి జీవితాంతం మేస్త్రీలు ఉంటారు. ఎనామిల్‌కి ఉండరు. కట్టేటప్పుడు పడిన లోటు కట్టినట్టే ఉండిపోతుంది.

ఆ కట్టుబడికి సున్నం మోసుకొచ్చేది విటమిన్ డి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మం మీద పడితే, చర్మంలోని ఒక రకం కొవ్వు పదార్థం విటమిన్ డిగా మారుతుంది. అది కాలేయానికి వెళ్లి ఒకసారి, మూత్రపిండాలకి వెళ్లి ఇంకోసారి మారి, పని చేయగల రూపానికి వస్తుంది. అప్పుడు పేగులకి చేరి, మనం తిన్న కాల్షియాన్ని రక్తంలోకి లాక్కోమని చెబుతుంది. విటమిన్ డి చాలినంత ఉంటే తిన్న కాల్షియంలో 30 నుంచి 40 శాతం ఒంటికి పడుతుంది. లేకపోతే 10, 15 శాతమే. మిగతాది వచ్చిన దారినే పోతుంది. రోజుకి రెండు గ్లాసుల పాలు తాగినా ఫలితం దక్కని ఇళ్లలో చాలాసార్లు జరిగేది ఇదే.

ఇక పంటి క్యాలెండర్ చూడండి. పాలపళ్లలో ముందు పళ్ల కట్టుబడి తల్లికి నాలుగో నెల దగ్గర మొదలవుతుంది. బిడ్డ భూమ్మీద పడేసరికి పై ముందు పళ్ల ఎనామిల్ చాలావరకు పూర్తయి ఉంటుంది. పాల దవడ పళ్ల పని పుట్టిన తర్వాత ఏడాది దాకా సాగుతుంది. ఆరేళ్లకి నోటి వెనక మొలిచే శాశ్వత దవడ పన్ను పుట్టినప్పుడే మొదలై మూడేళ్లకి పైభాగం కట్టుకోవడం పూర్తిచేస్తుంది. శాశ్వతమైన ముందు పళ్లలో ఎక్కువ భాగం పుట్టిన మూడు నాలుగు నెలలకి మొదలై నాలుగైదేళ్లకి ముగుస్తాయి. పన్నెండేళ్లకి వచ్చే రెండో దవడ పన్ను రెండున్నర, మూడేళ్ల వయసులో మొదలై ఏడెనిమిదేళ్లదాకా కట్టుకుంటూనే ఉంటుంది.

పన్ను అంచు నుంచి చిగురు వైపుగా కట్టుకుంటూ వస్తుంది. అందుకే లోపం ఎంత ఎత్తులో ఉందో చూస్తే ఎప్పుడు పడిందో చెప్పవచ్చు. ఆ పిల్లాడి పంటికి నడుమ ఉన్న గాడి వాడు తిన్న చాక్లెట్ వల్ల పడింది కాదు. వాడింకా చాక్లెట్ పేరు కూడా వినని రోజుల్ది. పిప్పి అందులో తర్వాత చేరింది.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ గుణాన్నే పట్టుకుని, వందల ఏళ్ల కిందటి సమాధుల్లో దొరికిన పళ్లని పలుచగా కోసి మైక్రోస్కోపు కింద చదువుతున్నారు. ఎనామిల్ కింద ఉండే డెంటిన్ పొరలో ఖనిజం చేరక మిగిలిపోయిన చిన్న చిన్న ఖాళీల్ని బట్టి, ఆ మనిషికి ఏ వయసులో విటమిన్ డి కరువైందో చెప్పగలుగుతున్నారు. ఎముక తన గాయాన్ని మాన్పుకుని మరిచిపోవచ్చు. పన్ను మరిచిపోదు.

షెఫీల్డ్‌లో ఒక ఆడమనిషి

పళ్లకీ విటమిన్ డికీ ఉన్న ఈ సంబంధాన్ని మొదట పట్టుకున్నది మే మెలన్‌బీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త. నూరేళ్ల కిందట అక్కడి పారిశ్రామిక పట్టణాలు బొగ్గుపొగలో మునిగి ఉండేవి. పిల్లలకి ఎముకలు మెత్తబడి కాళ్లు వంగిపోయేవి. దాన్నే రికెట్స్ అంటారు. ఆమె భర్త ఎడ్వర్డ్ మెలన్‌బీ 1918, 1919 ప్రాంతాల్లో కుక్కపిల్లల మీద ప్రయోగాలు చేసి, తిండిలో ఏదో ఒక పదార్థం కొరవడితే రికెట్స్ వస్తుందని, కాడ్ చేప కాలేయం నూనె పడితే రాదని చూపించాడు. ఆ పదార్థానికి 1922లో అమెరికాలో ఎల్మర్ మెకాలమ్ విటమిన్ డి అని పేరు పెట్టాడు.

భర్త ఎముకలు చూస్తుంటే ఆమె ఆ కుక్కపిల్లల పళ్లు చూసింది. ఆ నూనె అందని కుక్కపిల్లల దవడలు బాగా ఎదగలేదు, పళ్లు ఆలస్యంగా వచ్చాయి, వచ్చిన పళ్ల ఎనామిల్ పలుచగా గుంటలు పడి ఉంది, లోపలి డెంటిన్‌లో ఖాళీలు ఉన్నాయి. తర్వాత షెఫీల్డ్‌లో, నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉండాల్సి వచ్చిన పిల్లల తిండిలో విటమిన్ డి పెంచి చూసింది. పెంచిన పిల్లల్లో కొత్తగా పిప్పిపళ్లు తక్కువగా వచ్చాయి, ఉన్నవాటిలో కొన్ని ఇక ముదరకుండా గట్టిపడి ఆగిపోయాయి. 1928లో ఆమె ఈ సంగతులు బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ప్రచురించింది.

ఆ దంపతుల ప్రయోగాల్లో తేలిన ఇంకో విషయం మన కంచానికి బాగా దగ్గరది. ఓట్స్ లాంటి గింజలే ఎక్కువగా తిన్నప్పుడు రికెట్స్ ఇంకా ముదిరేది. గింజల పైపొరలో ఉండే ఫైటేట్ అనే పదార్థం కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి పట్టనివ్వదని తర్వాత తేలింది. మూడు పూటలా గింజలతోనే కడుపు నింపుకునే మనం గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

ఎండల నాట ఎండకు మొహం వాచి

"మన ఒంగోలు ఎండల్లో విటమిన్ డి తక్కువేంటి డాక్టరుగారూ?" అని ఎంతమంది అడిగారో లెక్కలేదు. ప్రశ్న న్యాయమైనదే. మాఘమాసంలో రథసప్తమి నాడు తలమీద జిల్లేడాకులు పెట్టుకుని సూర్యుడికి ఎదురుగా నిలబడి స్నానం చేసే జాతి మనది. చిక్కుడాకుల్లో పాయసం పెట్టి ఆయనకి నైవేద్యం పెడతాం. ఆయన ఇచ్చేదాన్ని పుచ్చుకోవడం మాత్రం తగ్గించుకున్నాం.

దీన్ని గట్టిగా నిరూపించినవాళ్లు మన తిరుపతివాళ్లే. స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం తిరుపతి పట్నంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం పరీక్షించి, వాళ్లు తినే తిండి లెక్కగట్టి చూసింది. 2007లో వచ్చిన వాళ్ల వ్యాసం సారాంశం ఇది: తిండిలో కాల్షియం తక్కువ, ఫైటేట్ ఎక్కువ, రక్తంలో విటమిన్ డి తక్కువ. పొలంలో పనిచేసే పల్లెవాళ్లు పట్నంవాళ్లకంటే మెరుగే, కానీ వాళ్లలోనూ చాలామందికి చాలినంత లేదు. కాల్షియం తక్కువగా తింటే ఒళ్లు ఉన్న విటమిన్ డిని వేగంగా ఖర్చుపెట్టేస్తుంది. ఒక లోటు ఇంకో లోటుని లాక్కొస్తుంది.

ఆ బృందమే ఇంకో పని చేసింది. చర్మంలో విటమిన్ డిగా మారే ఆ పదార్థాన్ని తిరుపతి ఎండలో పెట్టి, రోజులో ఏ వేళ ఎంత మారుతుందో కొలిచింది. ఎక్కువగా మారే సమయం ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు వరకు అని తేలింది. మనం పసిబిడ్డకి నూనె రాసి పడుకోబెట్టే ఏడు గంటల లేత ఎండలో వెచ్చదనం ఉంటుంది, హాయి ఉంటుంది. విటమిన్ డి తయారుచేసే కిరణాలు మాత్రం అప్పటికి చాలా తక్కువే నేలకి దిగుతాయి. కిటికీ అద్దంలోంచి పడే ఎండలో అవి దాదాపు ఉండవు.

నేను అందరికీ చెప్పే కొలత ఒకటుంది, గడియారం అక్కర్లేదు. నీ నీడ నీకంటే పొట్టిగా ఉందా చూసుకో. ఉంటే ఆ ఎండ పనికొస్తుంది. ఒంగోల్లో పుష్యమాసంలో అందుకు దాదాపు పదిన్నర కావాలి. వైశాఖంలో దాదాపు తొమ్మిదికే నీడ పొట్టిదైపోతుంది. కాబట్టి రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం మాడిపోనక్కర్లేదు.

చర్మం రంగుదీ ఒక లెక్క ఉంది. చామనఛాయకి, నలుపుకి కారణమైన మెలనిన్ గొడుగులాగా ఎండని ఆపుతుంది. అందుకే తెల్లవాళ్లకి చాలే పది నిమిషాలు మనకి చాలవు. ఇంట్లో పని, ఏసీ గది, స్కూటర్ మీద మోచేతులదాకా తొడుగులు, మొహానికి చున్నీ కలిస్తే వారమంతా చర్మానికి ఎండ తగలని ఆడపిల్లలు మన పట్నాల్లో ఎంతోమంది.

గార కాదు, గాడి

మా ప్రాంతంలో పళ్ల డాక్టరుకి ఒక చిక్కు ఉంది. ఒంగోలుకి పడమట దర్శి, పొదిలి, కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఎముకల ఫ్లోరోసిస్ జబ్బుని 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు మన దేశంలో మొదటిసారి వర్ణించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఆ ఊళ్ల నుంచి ఎవరొచ్చినా, పంటిమీద ఏ మచ్చ ఉన్నా, "ఇది మా నీళ్ల గారేలెండి" అనేస్తారు. నల్గొండవాళ్లూ అంతే. దాంతో రెండో రకం లోపం కళ్లెదుట ఉండీ కనబడకుండా పోతుంది.

తేడా ఇది. ఫ్లోరైడ్ మచ్చలు ఎక్కువగా శాశ్వత పళ్లమీద వస్తాయి. సుద్దముక్కతో గీసినట్టు తెల్ల చారలు, ముదిరితే గోధుమరంగు. పాలపళ్ల మీద తక్కువ. కట్టుబడిలో సరుకు చాలక వచ్చే లోపంలో పంటి మందమే తగ్గుతుంది, గాడో గుంటో పడుతుంది. పాలపళ్ల మీదా కనిపిస్తుంది. దాన్ని ఎనామిల్ హైపోప్లేసియా అంటారు. ఆ గాడి విటమిన్ డి లోటువల్లే పడిందని పన్ను చూడగానే తీర్పు చెప్పకూడదు. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువగా పుట్టినా, పసితనంలో పెద్ద జ్వరం వచ్చినా పడొచ్చు. అందుకే బిడ్డ పుట్టుక కథంతా అడుగుతాను. ఫ్లోరైడ్ గార, ఈ గాడి రెండూ ఒకే పిల్లాడికి కలిసి రావడమూ ఉంది. తిండిలో కాల్షియం, ఒంట్లో విటమిన్ డి తక్కువైతే ఫ్లోరైడ్ చేసే హాని ఇంకా ఎక్కువవుతుంది.

పుట్టుకతో వచ్చే ఒకరకం రికెట్స్ కూడా ఉంది. మూత్రపిండాలు ఫాస్ఫేట్‌ని నిలుపుకోలేవు. ఆ పిల్లల పంటికి బయట చిన్న పిప్పి కూడా ఉండదు, కానీ చిగురు మీద చీము పొక్కు లేస్తుంది. డెంటిన్‌లోని సందుల్లోంచి క్రిములు నరందాకా చేరిపోతాయి. పిప్పిలేని పంటికి చీము పట్టి, పిల్లాడు పొట్టిగా, దొడ్డికాళ్లతో ఉంటే పన్ను పీకించి ఊరుకోవద్దు. పిల్లల డాక్టరుకి చూపించాలి.

నా కూతురి దవడ పళ్లు

ఇదంతా నాకు పుస్తకంలో కంటే బాగా నా ఇంట్లోనే తెలిసొచ్చింది. నేను పీజీ చదువుతుండగా మా అమ్మాయి కడుపున పడింది. తెల్లారకముందే బయలుదేరి కాలేజీకి వెళ్తే, నా డిపార్టుమెంటు ఉన్నది కిటికీల్లేని కింది అంతస్తులో. ఇంటికొచ్చేసరికి చీకటి. ఆదివారం బట్టలు ఆరేయడానికి మేడమీదికి వెళ్లబోతే మా అత్తగారు ప్రేమగానే వారించేది, "ఎండలోకి వెళ్లకమ్మా, బిడ్డ నల్లగా పుడుతుంది" అని. కుంకుమపువ్వు పాలు కలిపిచ్చేది. నేనూ పళ్ల డాక్టర్నే, అప్పటికే దంతాల పుట్టుక పాఠం చదివి ఉన్నదాన్నే. ఆ పాఠాన్ని నా కడుపుకి అన్వయించుకోవాలన్న తలంపు రాలేదు.

మా అమ్మాయికి రెండేళ్లు నిండాక వెనక పాల దవడ పళ్లు వచ్చాయి. నవ్వితే కనపడని పళ్లు. ఒక రాత్రి తోముతుంటే "అమ్మా, చల్లగా గుచ్చుతోంది" అని నోరు మూసేసుకుంది. టార్చి వేసి చూశాను. రెండు దవడ పళ్ల మీద గుంటలు, అగ్గిపుల్ల మొనతో తడిమట్టిని పొడిచినట్టు. ఆ వారమే నా రక్తం పరీక్షకి ఇచ్చాను. మిల్లీలీటరుకి 20 నానోగ్రాములైనా ఉండాల్సిన చోట 9 ఉంది. గర్భంతో ఉన్నప్పటి లెక్క నా దగ్గర లేదు, కాబట్టి దాని పళ్లకి అదే కారణమని నేను ప్రమాణం చేయలేను. ఆ రాత్రి నుంచి మాత్రం నా దగ్గరికి వచ్చే ఏ తల్లినీ "సరిగా తోమించలేదు" అని మొదటి మాటగా అనలేదు.

నా క్లినిక్‌లో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ నిందే. పిల్లాడి పన్ను పుచ్చితే నేరం తల్లిది. కడుపుతో ఉన్నప్పుడు ఆమెకి రోజూ ఒక గ్లాసు మజ్జిగ దక్కిందా, ఒక అరగంట ఎండలో నడిచే తీరిక దక్కిందా అని అడిగేవాళ్లు ఉండరు.

పెద్దవాళ్ల చిగుళ్లు

విటమిన్ డి పని పిల్లల పళ్లతో అయిపోదు. పన్ను నిలబడేది దవడ ఎముకలో. ఆ ఎముక బలం కూడా కాల్షియం మీద, విటమిన్ డి మీద ఆధారపడినదే. పైగా క్రిముల్ని ఎదుర్కొనే కొన్ని ప్రొటీన్లు మన కణాల్లో తయారవడానికి విటమిన్ డి తోడు కావాలి. అమెరికాలో పెద్దఎత్తున జరిగిన ఆరోగ్య సర్వేలో యాభై దాటినవాళ్లని చూస్తే, విటమిన్ డి తక్కువగా ఉన్నవాళ్లకి చిగురు పంటి నుంచి ఎక్కువగా విడిపోయి ఉంది. 2001లో బోస్టన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం ఇంకా ఆలోచింపజేస్తుంది. అరవై అయిదు దాటినవాళ్లకి మూడేళ్లపాటు ఎముకల కోసమని కాల్షియం, విటమిన్ డి ఇచ్చారు. ఆ కాలంలో ఒక పన్నైనా ఊడినవాళ్లు, మాత్రలు అందినవాళ్లలో 13 శాతం. ఉత్తుత్తి మాత్రలు అందినవాళ్లలో 27 శాతం. చిన్న అధ్యయనమే, నూట నలభై అయిదు మంది. అయినా వయసుతోపాటు పళ్లు ఊడటం సహజమని సరిపెట్టుకునే మనకి ఆ తేడా పట్టించుకోదగ్గదే. చిగుళ్లు చెడటానికి మొదటి కారణాలు గార, పొగాకు, అదుపులో లేని షుగరు. వాటిని వదిలేసి విటమిన్ డి ఒక్కటే మింగితే పళ్లు నిలవవు.

ఎంతవరకు నమ్మాలి

చెప్పే మాట నిలవాలంటే దాని హద్దు కూడా చెప్పాలి. 2013లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఫిలిప్ హుజోయెల్ పాత ప్రయోగాలన్నీ గుదిగుచ్చి చూశాడు. మొత్తం 24 ప్రయోగాలు, 2,827 మంది పిల్లలు. విటమిన్ డి అందినవాళ్లలో పిప్పిపళ్లు దాదాపు 47 శాతం తక్కువ. అయితే వాటిలో చాలావరకు పాతకాలపువి, ఇప్పటి కట్టుదిట్టాలు లేనివి. కాబట్టి ఇది పూర్తిగా రుజువైందని ఆయన కూడా అనలేదు.

డెన్మార్క్‌లో చేసిన ప్రయోగం దీనికంటే పకడ్బందీది. గర్భిణుల్లో కొందరికి ఆఖరి నెలల్లో రోజుకి 2,800 యూనిట్ల విటమిన్ డి, మిగతావాళ్లకి 400 యూనిట్లు ఇచ్చారు. ఆ పిల్లలకి ఆరేళ్లు వచ్చాక పళ్లు చూశారు. 2019లో వచ్చిన ఫలితం ఇది: ఎనామిల్ లోపాలు ఎక్కువ మోతాదు తల్లుల పిల్లల్లో 15 శాతం మందికి, తక్కువ మోతాదు తల్లుల పిల్లల్లో 28 శాతం మందికి. పిప్పిపళ్లలో మాత్రం రెండు గుంపులకీ తేడా కనిపించలేదు. నాకు దీంట్లో తెలిసింది ఇది. కట్టుబడి గట్టిగా ఉండటానికి విటమిన్ డి తోడ్పడుతుంది. కట్టిన ఇంటిని కాపాడుకోవడం చక్కెర తగ్గించడం మీద, తోముకోవడం మీద ఆధారపడి ఉంటుంది.

మరి ఏం చేయాలి

గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు మొదటి చెకప్‌లోనే విటమిన్ డి గురించి డాక్టర్ని అడగండి. ఇనుము, కాల్షియం మాత్రల గురించి అడిగినట్టే ఇదీ అడగండి. నీడ పొట్టిగా ఉన్న వేళ చేతులు, మొహం, పాదాలకి ఎండ తగిలేలా ఇరవై నిమిషాలు, అరగంట, వారంలో నాలుగైదు రోజులు నడిస్తే మంచిది. ఒడియాలు పెట్టే వేళ, మిరపకాయలు ఎండబోసే వేళ మన అమ్మమ్మలు మేడమీద ఉండేవాళ్లు. ఆ వేళే సరైన వేళ.

తల్లిపాలకి సాటి లేదు, కానీ వాటిలో విటమిన్ డి చాలా తక్కువ. అందుకే పుట్టిన కొద్ది రోజుల నుంచి ఏడాది నిండేదాకా రోజుకి 400 యూనిట్ల చుక్కలు వెయ్యమని పిల్లల డాక్టర్లు చెబుతారు. వాటిని మానొద్దు. పసిగుడ్డుని మధ్యాహ్నపు ఎండలో పడుకోబెట్టొద్దు.

పెద్దవాళ్లకి రోజుకి 600 యూనిట్ల విటమిన్ డి, 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల్లో ఉంది. తిండిలో విటమిన్ డి కొద్దిచోట్లే దొరుకుతుంది: కొవ్వున్న చేపలు, గుడ్డులో పచ్చసొన, కాలేయం. శాకాహారులు విటమిన్ ఎ, డి కలిపిన పాలు, నూనె చూసి కొనుక్కోవచ్చు. ప్యాకెట్ మీద ప్లస్ గుర్తు, పక్కన ఎఫ్ అక్షరం ఉంటే అది బలవర్ధకం చేసినదని అర్థం. కాల్షియానికి వెతుక్కోనక్కర్లేదు. నూరు గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములుంటే, అదే తూకం బియ్యంలో 10 మించదు. రాగుల్ని మొలకెత్తించినా, అంబలిగా పులియబెట్టినా ఫైటేట్ తగ్గి కాల్షియం బాగా పడుతుంది. నువ్వులు, మునగాకు, పెరుగు, ముల్లుతో నమిలి తినే చిన్న చేపలు కూడా మంచివే.

ఇక మందుల షాపులో అడగగానే ఇచ్చే సాచెట్ల మాట. ఒక్కో దాంట్లో 60,000 యూనిట్లు ఉంటాయి. డాక్టర్లు సాధారణంగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలకే రాస్తారు. మా వీధిలో ఒక పెద్దాయన మోకాళ్ల నొప్పులకని రోజుకొకటి పాలల్లో కలుపుకుని రెండు నెలలు తాగాడు. వాంతులు, ఆగని దాహం, మలబద్ధకం. రక్తంలో కాల్షియం పెరిగిపోయి మూత్రపిండాలు దెబ్బతినే దశలో ఆసుపత్రిలో చేర్చారు. విటమిన్ డి నీళ్లలో కరిగి బయటికి పోయేది కాదు, కొవ్వులో నిలవ ఉండిపోతుంది. ఎండ వల్ల ఈ ప్రమాదం లేదు. చాలినంత తయారయ్యాక చర్మమే ఆపేస్తుంది. సాచెట్‌కి ఆ విచక్షణ లేదు.

పంటిమీద గాడి, గుంట కనిపిస్తే పిప్పి చేరేదాకా ఆగకండి. పాలపన్నే కదా ఊడిపోతుందిలే అనుకోకండి. ఫ్లోరైడ్ పూత, సన్నటి సీలు, సిమెంటు, తొడుగు, ఇలా వయసుని బట్టి మార్గాలున్నాయి. రాత్రి పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడం మానండి. మూడేళ్ల లోపు బియ్యపుగింజంత, ఆరేళ్ల లోపు బఠాణీగింజంత పేస్టు చాలు. ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లవాళ్లు ఏ పేస్టు వాడాలో డాక్టర్ని అడిగి వాడండి.

ఇంకా కట్టుకుంటున్న పన్ను

ఆ నాయనమ్మకి నేను కాగితం మీద రెండు దవడలు గీసి చూపించాను. విరిగిన పళ్లకి ఆ రోజే సిమెంటు పెట్టాను. ఆరేళ్ల పన్ను సంగతి నా చేతుల్లో లేదు, అది అప్పటికే కట్టుబడి పూర్తిచేసుకుంది. "పన్నెండేళ్లకొచ్చే పన్ను మాత్రం ఇప్పుడే కట్టుకుంటోందమ్మా. దానికి మనం చేయగలిగింది ఉంది" అన్నాను. ఆవిడ కాగితం మడిచి కొంగున కట్టుకుంది. "అయితే మా కోడలి తప్పేం లేదన్నమాట" అని, నేను చెప్పినదాంట్లో తనకి కావలసిన మాట ముందు తీసుకుంది. తర్వాత "రాగంబలి నేనే కాస్తా" అంది.

వాడికి ఆరేళ్లప్పుడు మొదటి దవడ పళ్లు వచ్చాయి. కొనల మీద కొంచెం పాలిపోయిన మచ్చలున్నాయి, సీలు వేశాం. ఈ ఏడాది వాడికి తొమ్మిది. ఇప్పుడు కుర్చీ తనే ఎక్కుతున్నాడు. ఈసారి తల్లి తీసుకొచ్చింది, నాయనమ్మ పక్కన నిలబడింది. నోరంతా కనిపించే ఎక్స్‌రే తీసి తెరమీద పెట్టాను. దవడ చివర, చిగురు కింద, ఇంకా బయటి వెలుతురు చూడని పన్ను ఒకటి తెల్లగా మెరుస్తోంది. పైభాగం నిండుగా వచ్చింది, వేరు ఇంకా సాగుతోంది.

"అదేనా?" అని అడిగింది నాయనమ్మ, వేలు తెరకి ఆనించి.

"అదేనమ్మా. ఎంత గట్టిగా వచ్చిందో ఈ బొమ్మ చెప్పదు. ఇంకో మూడేళ్లకి మొలిచాక, తడి తుడిచి, ప్రోబ్ ఆనించి చెబుతాను."

కోడలు చాలాసేపు ఆ పంటి వంకే చూస్తూ ఉండిపోయింది. తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చి, ఆ ఎక్స్‌రే బొమ్మ తన ఫోనుకి పంపమని అడిగింది.